కొండలరావు గారి పిల్లి ప్రేమ

స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ కొండలరావుకి పిల్లి ఎదురైతే భయం. ఈ సంగతి యూనివర్సిటీలో ఎవరికీ తెలియదు. తెలిస్తే పరువు గంగలో కలుస్తుంది. ఎందుకంటే ఏటా సైన్స్ డే నాడు సెమినార్ హాల్లో నిలబడి, శకునాలన్నీ ఒట్టి భ్రమలని ఉపన్యాసం దంచేది ఆయనే.

అలాంటిలాంటి ఉపన్యాసం కాదది. ఎమ్మెస్సీ పిల్లల్ని తార్నాక చౌరస్తాలోనూ, లాలాగూడ రైల్వే క్వార్టర్ల దగ్గరా పొద్దున్నే నిలబెట్టి, పిల్లి ఎదురైనవాళ్లని రెండొందల మందిని, కానివాళ్లని రెండొందల మందిని పట్టుకుని, ఆ రోజు వాళ్ల పనులు ఏమయ్యాయో సాయంత్రం ఫోన్లు చేసి మరీ అడిగించాడు. రెండు జట్లలోనూ పనులు చెడినవాళ్లు ఇంచుమించు సమానంగా తేలారు. ఆ పటాలన్నీ తెర మీద వేసి, చివర్లో కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని, "పిల్లి తన పని మీద తను పోతోంది. మీరూ మీ పని మీద పొండి!" అంటాడు. హాలు చప్పట్లతో మోగిపోతుంది. ఆరేళ్లుగా అదే మాట, అవే చప్పట్లు.

ఆ చప్పట్లు అందుకుని బయటికొచ్చిన కొండలరావు, మెట్ల దగ్గర పిల్లి తోక కనబడిందా, అక్కడికక్కడే వంగి బూట్ల లేసులు కట్టుకోవడం మొదలుపెడతాడు. ఆయన వేసుకునేవి చెప్పులు. ఇన్నాళ్లూ ఆ సంగతి ఎవరి కంటా పడకపోవడం ఆయన అదృష్టం.

లెక్కలు లెక్కలే, తణుకులో అమ్మమ్మ నేర్పింది అమ్మమ్మ నేర్పిందే. పిల్లి ఎదురైతే వెనక్కి వెళ్లి, ఐదు నిమిషాలు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ముఖ్యమైన పని మీద వెళ్తుంటే ఇంటి ఇల్లాలు ఎదురు రావాలి. ఈ రెండో దానికి ఆయన పెళ్లయిన నాటి నుంచీ ఒక ఉపాయం నడుపుతున్నాడు. "పద్మా, ఎదురు రా" అని నోరు తెరిచి భార్యని అడగడం అంత చదువుకున్నవాడికి నామోషీ కదా. అందుకని చెప్పులు వేసుకుంటూ, "పద్మా, గేటు దగ్గర పేపరు పడిందేమో చూడు" అంటాడు. ఆవిడ గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగేసరికి సరిగ్గా గుమ్మం దాటతాడు. ఆవిడ ఎదురొచ్చినట్టూ ఉంటుంది, ఆయన అడగనట్టూ ఉంటుంది. పేపరయిపోతే పాల ప్యాకెట్టు, అదీ అయిపోతే కొరియర్, ఏదీ లేకపోతే కరెంటు బిల్లు. ఇరవై ఆరేళ్లుగా పద్మావతి, ఓ బ్యాంకులో మేనేజరై ఉండి కూడా, మారు మాట్లాడకుండా గేటు దాకా నడుస్తూనే ఉంది. పాపం అమాయకురాలు, అనుకునేవాడు కొండలరావు.

ఇలా సాఫీగా సాగిపోతున్న బతుకులోకి పోయిన వానాకాలం ఒక పిల్లి వచ్చింది. తెలుపు మీద నల్లవీ పసుపువీ మచ్చలు, కొస దగ్గర వంకర తిరిగిన తోక. లోకంలో ఉన్న పిల్లుల రంగులన్నీ దీని ఒక్కదాని మీదే ఉన్నాయని డిపార్ట్‌మెంటు పిల్లలు దానికి శాంపిల్ అని పేరు పెట్టారు. ఎవర్ని చూసినా సొంత మేనత్త వచ్చినట్టు పరిగెత్తుకొచ్చేది. ఫీజు కట్టడానికొచ్చినవాళ్ల కాళ్లకి చుట్టుకునేది, జిరాక్స్ మిషను మీద వెచ్చగా నిద్రపోయేది, పరీక్ష తప్పి మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్న కుర్రాడి ఒళ్లోకి అడక్కుండానే ఎక్కేది.

అందరిలోకీ దానికి బాగా నచ్చినవాడు కొండలరావు. ఎందుకు నచ్చాడో దానికే తెలియాలి. ఒక బిస్కట్ ముక్క పెట్టి ఎరగడు. అయినా పొద్దున తొమ్మిదీ నలభైకి ఆయన కారు చెట్టు కింద ఆగిందంటే చాలు, మెట్ల కింద పడుకున్నది లేచి, తోక నిటారుగా పెట్టి, ఎదురుగా పరుగున వచ్చేది. దారికి అడ్డంగా పోయే పిల్లులే అశుభమైతే, పనిగట్టుకుని ముఖంలో ముఖం పెట్టి ఎదురొచ్చే పిల్లి మాటేమిటి? కొండలరావు దిగినవాడు దిగినట్టే కారెక్కి తలుపేసుకునేవాడు. ఐదు నిమిషాలు కూర్చునేవాడు. సీసాలో నీళ్లు తాగేవాడు. శాంపిల్ బానెట్ ఎక్కి అద్దంలోంచి ఆయన నీళ్లు తాగడం శ్రద్ధగా చూసేది. ఆయన దిగగానే అదీ దూకి మళ్లీ ఎదురొచ్చేది. మళ్లీ ఐదు నిమిషాలు, మళ్లీ నీళ్లు. ఒక సోమవారం ఆయన గదిలోకి చేరేసరికి పదిన్నరయింది, కడుపులో లీటరు నీళ్లున్నాయి.

ఇదంతా వరండాలో స్టూలు మీంచి అటెండర్ బిక్షపతి చూసేవాడు. చూసి ఊరుకునే రకం కాదు.

"మన సార్‌కు గా పిల్లంటే పానం," అని ఆఫీసంతా చెప్పాడు. "రోజూ దానికోసం కారుల కూసుంటడు. అరగంట ముచ్చట పెట్టినంకనే లోపలికొస్తడు. గింత పెద్ద ప్రొఫెసర్, చూడుర్రి, ఎంత నరమ్ దిల్!"

కొండలరావు కాదనలేదు. కాదంటే అసలు కారణం చెప్పాలి.

అలా రోజులు గడుస్తుండగా ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. సీనియర్ ప్రొఫెసర్ హోదాకి, పద్దెనిమిదో తారీఖు పదిన్నరకి, ఇదే బిల్డింగులో పై అంతస్తు కమిటీ హాల్లో. రిటైర్మెంట్ ఇంకో రెండేళ్లలో ఉంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. నాలుగేళ్ల కిందట ఇదే ఇంటర్వ్యూకి వెళ్తుంటే దారిలో ఓ నల్లపిల్లి రోడ్డు దాటింది. ఆయన కారు వెనక్కి తిప్పి, ఇంటికెళ్లి కూర్చుని, నీళ్లు తాగి వచ్చేసరికి గంట ఆలస్యమైంది. వాళ్లు మొహమాటానికి రెండు ప్రశ్నలడిగి పంపేశారు. ఆ ఉద్యోగం పిల్లి వల్లే పోయిందని ఆయన ఈనాటికీ నమ్ముతాడు. ఏది కారణమో ఏది కాదో తేల్చడం ఎలాగని ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్న మనిషి, ఆలస్యం వల్ల పోయిందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

పద్దెనిమిదో తారీఖు ఎక్కాల్సినవి ఆ మెట్లే. మెట్ల కింద ఉండేది శాంపిల్. కాబట్టి ఈలోపల అది అక్కడ ఉండకూడదు. అలాగని తరిమేయడానికి మనసొప్పలేదు. కొండలరావు పిరికివాడే గానీ చెడ్డవాడు కాదు. బాగా ఆలోచించి, తన దగ్గర పరిశోధన చేస్తున్న హారికని పిలిచి, గొంతు కాస్త బరువుగా చేసుకుని, "పాపం, ఆ పిల్లికి ఓ ఇల్లు చూడాలమ్మా. ఎన్నాళ్లని ఇలా మెట్ల కింద ఉంటుంది?" అన్నాడు.

హారిక కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ అమ్మాయి థీసిస్ మూడో చాప్టరు ఎనిమిది నెలలుగా ఆయన బల్ల మీదే పడుంది. దాని గురించి ఎప్పుడూ ఇంత ఆర్ద్రంగా మాట్లాడలేదు ఆయన. అయినా పావుగంటలో అన్ని గ్రూపుల్లోనూ మెసేజ్ పెట్టేసింది. దానికో ఫోటో కూడా జోడించింది: ఆయన కారులో, శాంపిల్ బానెట్ మీద, మధ్యలో అద్దం. కింద, 'మా కొండలరావు సర్ ప్రాణంగా చూసుకుంటున్న పిల్లికి మంచి ఇల్లు కావాలి. స్నేహశీలి. సర్‌ని వదిలి ఉండలేదు, కానీ తప్పదు.'

అప్పట్నుంచీ ఆయనకి మనశ్శాంతి కరువైంది. కారిడార్లో ఎవరు కనబడినా ఫోను తీసి పిల్లుల ఫోటోలు చూపించేవాళ్లు. డీన్ గారు మీటింగ్ మధ్యలో ఆపి, వాళ్ల మనవరాలి పిల్లికి వచ్చిన దగ్గు గురించి సలహా అడిగారు. ఆయన గంభీరంగా తలూపి, గోరువెచ్చటి నీళ్లు పట్టమన్నాడు.

మొదట దొరికింది బిక్షపతి వదిన బాలలక్ష్మి. లాలాగూడలో కిరాణా కొట్టు. కొట్టు నిండా ఎలుకలు. ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది? తీరా పంపేవేళకి బిక్షపతి తల గోక్కున్నాడు.

"బండి మీద పెట్టుకుంటే దూకుతది సార్. మీరైతే కారుల తీస్కపోతరు. మీ మాటే ఇంటది గద."

పిల్లిని అట్టపెట్టెలో పెట్టి వెనక సీట్లో ఉంచారు. దారి పొడవునా కొండలరావు లోలోపల శాస్త్రం తర్కించుకుంటూనే ఉన్నాడు. పిల్లీ తనూ ఒకే దిక్కుకి పోతున్నారు కాబట్టి ఇది ఎదురు కింద రాదని తేల్చుకుని ధైర్యం తెచ్చుకునేసరికి, శాంపిల్ పెట్టెలోంచి లేచి ఆయన భుజం మీద గడ్డం ఆనించి రోడ్డు చూడసాగింది. సిగ్నల్ దగ్గర ఆటోలో వాళ్లు ఫోటో తీశారు. అదీ గ్రూపులోకి వచ్చింది.

మర్నాడు తొమ్మిదీ నలభైకి కారు దిగితే ఎదురు ఎవరూ లేరు. నేరుగా నడిచి గదిలోకి వెళ్లిపోయాడు. మూడంటే మూడు నిమిషాలు పట్టింది. కుర్చీలో కూర్చున్నాక ఏదో మర్చిపోయినట్టు అనిపించి జేబులు తడుముకున్నాడు. కళ్లజోడుంది, ఫోనుంది. రెండో రోజు కారు దిగి, అటూ ఇటూ చూసి, అలవాటు కొద్దీ నీళ్లు తాగాడు. దారంతా శుభంగా ఉంది, మనసే బాగాలేదు. ముప్పై ఏళ్ల నుంచీ ఈ ఆవరణలోకి వస్తున్నాడు. సంతకాల కోసం ఎదురొచ్చినవాళ్లున్నారు, మార్కుల కోసం వచ్చినవాళ్లున్నారు. ఊరికే, తను వచ్చాడన్న సంతోషం కొద్దీ ఎదురొచ్చింది అదొక్కటే. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయనకి తన మీద తనకే కోపం వచ్చి, హారిక మూడో చాప్టరు తీసి ఎర్రపెన్నుతో చీల్చి చెండాడాడు.

నాలుగో రోజు ఆటో దిగింది బాలలక్ష్మి. చంకలో పెట్టె.

"ఏం పిల్లి సార్ ఇది!" అంది దిగుతూనే. "ఎలుకొస్తే లేసి జాగ ఇస్తున్నది. బియ్యం బస్తా మీద ఇది పండుకుంటది, కిందికెల్లి ఎలుక తింటది. ఇద్దరు దోస్తులైపోయిర్రు. నిన్న రెండు కలిసి ఒక్క గిన్నెల పాలు తాగినయి. నా రెండు కండ్లతోని చూసిన."

"దానిది మంచి మనసమ్మా," అన్నాడు కొండలరావు.

"మంచి మనసుతోని నేనేం జేసుకుంట? గిరాకీలు గూడ దీన్ని చూసుకుంట నిలవడుతున్నరు, సామాను కొంటలేరు."

పెట్టె నేల మీద పెట్టగానే శాంపిల్ బయటికి దూకి, ఆవరణంతా ఒకసారి కలియజూసి, తోకెత్తి కొండలరావుకి ఎదురు పరిగెత్తింది. ఆయనకి ఒక్క క్షణం ఎంత ఆనందం వేసిందో చెప్పలేం. రెండో క్షణంలో అమ్మమ్మ గుర్తొచ్చి, వెళ్లి కారులో కూర్చున్నాడు.

"చూసినవా వదినా," అన్నాడు బిక్షపతి. "ఏడుస్తున్నడు లోపల కూసోని. మనకు కనవడొద్దని."

రెండో సంబంధం హిస్టరీ ప్రొఫెసర్ రంగనాథ్‌ది. నంద్యాల మనిషి, కాపురం నల్లకుంటలో. ఆయన కూతురు ఫోటో చూసి ముచ్చటపడింది. వాళ్లే కారేసుకొచ్చి తీసుకెళ్లారు. ఇంటర్వ్యూ ఇంకా ఆరు రోజులుంది. కొండలరావు గుండెల మీద బరువు దిగిందనుకున్నాడు. రెండు రోజులు తిరక్కుండా రంగనాథ్ పిల్లిని చంకన పెట్టుకుని డిపార్ట్‌మెంటులోకి వచ్చాడు. గదిలో హారిక ఉంది. టీ తెచ్చిన బిక్షపతి కూడా గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏమీ అనుకోవాకప్పా కొండలరావూ," అన్నాడు రంగనాథ్ కూర్చుంటూ. "పిల్లి బంగారం. అన్నం పెడితే తింటాది, పెట్టకపోతే ఊరుకుంటాది. కానీ ఎవరు బయటికి పోవల్లన్నా ముందుగా పోయి వాకిట్లో నిలబడి ఎదురొస్తాది. నిన్న మా కొడుకు భరత్ పరీక్షకు పోవల్ల. మూడు తూర్లు బయల్దేరినాడు, మూడు తూర్లు ఎదురొచ్చె. మా అమ్మ వాన్ని మూడు తూర్లు కూర్చోబెట్టి నీళ్లు తాపె. వాడు పరీక్షలో సగం సేపు బాత్రూములోనే ఉన్న్యాడంట."

కొండలరావుకి లేచి ఆయన్ని కావలించుకోవాలనిపించింది. ఇన్నాళ్లకి తన బాధ తెలిసిన మనిషి. కానీ హారిక చూస్తోంది. ఆరేళ్ల ఉపన్యాసం చూస్తోంది.

"ఈ కాలంలో కూడానా రంగనాథ్!" అని గొంతు పెంచాడు. "నాలుగొందల మంది మీద లెక్క తీసి చూపించానే! పిల్లి తన పని మీద తను పోతోంది. మీరూ మీ పని మీద పొండి!"

"నీ ఉపన్యాసం నేనూ ఇన్న్యా లే. బాగా చెప్పినావు, చప్పట్లు కూడా కొట్టినా," అన్నాడు రంగనాథ్ ఏమాత్రం నొచ్చుకోకుండా. "అయితే నాకు భయమప్పా. ఉండేది ఉన్నట్టు చెప్తాండా. మా నాయనకు భయమే, మా తాతకు భయమే. దాంట్లో సిగ్గేముంది? నీకు భయం లేదు కదా, నువ్వే ఇంట్లో పెట్టుకోరాదూ?"

బిక్షపతి ట్రే బల్ల మీద పెట్టేశాడు.

"ఔ సార్! గిన్ని దినాలు మనకెందుకు తట్టలే? సార్ ఇల్లుండంగ దీన్ని ఊరంత తిప్పుతున్నం!"

"మా ఆవిడ ఒప్పుకోదు," అన్నాడు కొండలరావు. నోటికొచ్చిన మొదటి అబద్ధం అదే.

హారిక మొహం వెలిగిపోయింది. "మేడం ఎప్పుడో ఒప్పుకున్నారు సర్! ఆటోలోంచి తీసిన ఫోటో చూసి మొన్ననే నాకు మెసేజ్ పెట్టారు. 'ఇంత ప్రేమ ఉన్నవారు ఇంటికెందుకు తేవడం లేదో కనుక్కో అమ్మా' అని. మీరు మొహమాటపడుతున్నారని చెప్పాను."

ఆ సాయంత్రం కొండలరావు కారు తార్నాకలోని ఇంటి వైపు బయల్దేరింది. వెనక సీట్లో శాంపిల్ ఉంది. ఈసారి పెట్టె కూడా అడగలేదు.

పద్మావతి పిల్లిని చూసి పొంగిపోయింది. పిల్లి పద్మావతిని చూసి పొంగిపోయింది. గంటలో ఫ్రిజ్ మీద ఒకటి, దివాన్ మీద ఒకటి, రెండు పడక స్థలాలు ఖాయమయ్యాయి. ఆవిడ ఎటు నడిస్తే అటు నడిచేది. గేటు దాకా వెళ్తే గేటు దాకా వెళ్లి, ఆవిడతో పాటే వెనక్కి తిరిగేది. అక్కడే వచ్చింది చిక్కు. మర్నాడు పొద్దున కొండలరావు అలవాటుగా, "పద్మా, పేపరు పడిందేమో చూడు" అని గుమ్మం దాటబోయేసరికి, ఎదురుగా భార్య వస్తోంది, భార్య పక్కన పిల్లి వస్తోంది. ఒకరు శుభం, ఒకరు అశుభం. రెండూ ఒకేసారి వస్తే ఏమిటన్నది అమ్మమ్మ చెప్పలేదు. ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన లోపలికెళ్లి కూర్చుని నీళ్లు తాగి, పెరటి తలుపు తీసుకుని, బట్టలుతికే బండ పక్కనుంచి సందులోకి దూరి, చుట్టూ తిరిగి కారు దగ్గరికి చేరాడు. పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ వీరస్వామి, సందులోంచి బ్యాగుతో వస్తున్న ప్రొఫెసర్ని చూసి, సెల్యూట్ కొట్టాలో కేక వెయ్యాలో తేల్చుకోలేకపోయాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

పద్దెనిమిదో తారీఖు రానే వచ్చింది. కొండలరావు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. ఫైలు రెండుసార్లు సర్దుకున్నాడు. ఎనిమిదీ యాభైకి పెరటి తలుపు దగ్గరికి వెళ్తే తాళం వేసి ఉంది. తాళంచెవి ఎప్పుడూ వేలాడే మేకుకి లేదు. ముందు గదిలోకి వచ్చాడు. పద్మావతి బ్యాంకుకి తయారై, తీరిగ్గా కాఫీ తాగుతోంది. శాంపిల్ ఆవిడ పాదాల మీద పడుకుని ఉంది.

"పద్మా," అన్నాడు, గొంతు సవరించుకుని. "గేటు దగ్గర..."

"ఏం చూడాలి?" అంది ఆవిడ, గ్లాసు దించకుండా. "పేపరు వచ్చింది, అదిగో. పాలు వచ్చాయి, ఇదిగో. గ్యాస్ నిన్ననే వచ్చింది. కరెంటు బిల్లు కట్టేశాం. ఇవాళ గేటు దగ్గర చూడ్డానికి ఏమీ మిగల్లేదు."

కొండలరావు పెరటి తలుపు వైపు చూశాడు.

"పెరటి తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. వీరస్వామి నిన్న నన్నాపి, సార్‌కి అప్పులవాళ్ల బెడద ఏమైనా ఉందామ్మా అని అడిగాడు. చాలండీ ఇంక. ఇరవై ఆరేళ్లు నడిచాను గేటు దాకా. ఇవాళ ఒక్కసారి ఏం కావాలో నోరు తెరిచి అడగండి."

ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. "నీకు తెలుసా?"

"పెళ్లయిన వారానికే తెలుసు. మీరు మొదటిసారి పంపింది పోస్ట్‌మాన్ వచ్చాడేమో చూడమని. ఆ రోజు ఆదివారం."

"మరి ఇన్నేళ్లూ ఎందుకెళ్లావు?"

పద్మావతి గ్లాసు కింద పెట్టింది. "మీకు భయమని. నేను ఎదురొస్తే ధైర్యంగా వెళ్తారని. అంతకంటే ఏముంది అందులో? ఇదిగో, ఇదీ అందుకే వస్తోందేమో ఎవరికి తెలుసు. బిస్కట్ ముక్క పెట్టని మనిషి కోసం రోజూ పరిగెత్తుకొచ్చిందట, బిక్షపతి చెప్పాడు. మీరేమో దాన్ని చూసి తలుపేసుకున్నారు."

కొండలరావు తల వంచుకున్నాడు. సిగ్గేసింది. భయమైనందుకు కాదు. ఇరవై ఆరేళ్లు ఒక మనిషి తన కోసం నడుస్తుంటే, ఆవిడని ఏమీ తెలియని దాని కింద జమకట్టినందుకు. గోడ గడియారం తొమ్మిది కొట్టింది.

"పద్మా," అన్నాడు. "నాకు చాలా భయంగా ఉంది. కాస్త ఎదురు రా."

"ఆఁ, అలా అడగాలి," అని లేచింది ఆవిడ. కొంగు సర్దుకుని, నుదుటి మీద బొట్టు ఒకసారి చూసుకుని, ఇంతవరకూ ఎన్నడూ లేనంత ఠీవిగా గేటు దాకా నడిచింది. వెనకే శాంపిల్ వెళ్లింది. ఇద్దరూ గేటు దగ్గర వెనక్కి తిరిగారు. కొండలరావు చెప్పులేసుకుని, ఫైలు గుండెలకి హత్తుకుని, కుడికాలు గుమ్మం బయట పెట్టాడు. అంతవరకూ ఆవిడ పక్కనే నడుస్తున్న శాంపిల్ ఆయన్ని చూసింది. తోక నిటారుగా లేచింది. పద్మావతిని దాటేసి, నాలుగంగల్లో ఆయన మీదికి వచ్చేసింది.

ఆయన కాలు వెనక్కి లాగింది. లాగినమాట నిజం. కానీ ఈసారి వెనక్కి పెట్టలేదు. కిందికి వంగి, వానాకాలం నుంచీ ఒక్కసారి కూడా ముట్టుకోని ఆ తల మీద చెయ్యి వేశాడు. అది కళ్లు మూసుకుంది. ఇంత చిన్న తలా, ఇన్నాళ్లూ నన్నింత భయపెట్టింది, అనుకున్నాడు. తర్వాత లేచి, భార్యని దాటి, గేటు దాటి, కారెక్కి నేరుగా వెళ్లిపోయాడు. నీళ్లు తాగలేదు.

కమిటీలో ఐదుగురున్నారు. గంటసేపు అడిగారు. చివర్లో అధ్యక్షుడు, పెద్దాయన, ముందుకి వంగి, "మీ శకునాల ఉపన్యాసం గురించి మా దాకా వచ్చింది. ఒక్క ప్రశ్న. పిల్లి ఎదురైతే మీరు నిజంగా ఆగరా?" అన్నాడు.

కొండలరావు తన నల్లప్యాంటు వంక చూసుకున్నాడు. మోకాలి కింద తెలుపూ పసుపూ వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"ఆగుతానండి," అన్నాడు. "ముప్పై ఏళ్లుగా ఆగాను. ఇవాళ ఒక్కరోజు ఆగలేదు."

ఐదుగురూ నవ్వారు. అందరికంటే ఆలస్యంగా నవ్వింది అధ్యక్షుడు. నవ్వి, గొంతు తగ్గించి, "పొద్దున గెస్ట్‌హౌస్ దగ్గర నాకూ ఒకటి ఎదురైంది. వెనక్కెళ్లి కూర్చున్నాను. మీ ఇంటర్వ్యూ పదకొండింటికి మొదలైంది అందుకే," అన్నాడు.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. హారిక మూడో చాప్టరు కూడా ఆ వారమే సంతకమై బయటపడింది. అయితే కొండలరావు మారిపోయాడనుకుంటే మాత్రం పొరపాటు. సీనియర్ ప్రొఫెసరయ్యాక డిపార్ట్‌మెంటుకి ఇదివరకటి కంటే ఆలస్యంగా వస్తున్నాడు. ఓ పొద్దున పది దాటినా ఆయన రాకపోతే రంగనాథ్ ఫోను చేశాడు.

"ఏమప్పా, ఇంకా ఇంట్లోనే ఉండావా? మళ్లా పిల్లి ఎదురొచ్చెనా?"

"అదే కదా బాధ," అన్నాడు కొండలరావు, కుర్చీలో కూర్చుని ఫ్రిజ్ మీద నిద్రపోతున్న శాంపిల్ వంక దిగులుగా చూస్తూ. "పద్మ ఎప్పుడో ఎదురొచ్చి బ్యాంకుకి వెళ్లిపోయింది. ఇదింకా లేవలేదు. ఇది ఎదురు రాకుండా ఎలా బయల్దేరమంటావు?"

ఐదు నిమిషాలు చూసి, గ్లాసుడు మంచినీళ్లు తాగి, మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పుల చప్పుడు చేశాడు.